ముందే డబ్బు కట్టే భోజనం గిట్టుబాటేనా?
వినోద పార్కుల ‘మూడు పూటల’ లెక్క – పేర్లు ఇవ్వని ఐదుగురు పిల్లలు

రామసముద్రం: విహారయాత్రల కాలం వచ్చింది. మండలంలోని ఒక ఉన్నత పాఠశాల పిల్లలను బెంగుళూరు సమీపంలోని వినోద పార్కుకు తీసుకొని పోవాలని ఉపాధ్యాయులు తలపెట్టారు. బస్సు, ప్రవేశ టిక్కెట్టు కలిపి ఒక్కొక్కరికి రూ. 1,300, మూడు పూటల భోజనం కూడా కలుపుకుంటే రూ. 1,800 అని యాత్రలు నడిపే ఏజెంటు రెండు ధరలు రాసి ఇచ్చాడు. భోజనంతో కలిపిన ధరకే అరవై మంది పేర్లు నమోదయ్యాయి. ఐదుగురు మాత్రం పేర్లు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదని అడిగితే ఒకడు కడుపునొప్పి అన్నాడు, ఒకమ్మాయి బస్సు పడదన్నది. అసలు కారణం ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

దీంతో ఊళ్ళో ఒక చర్చ బయలుదేరింది. ముందుగానే డబ్బు కట్టి భోజనం కొనుక్కోవడం లాభమా, నష్టమా? పార్కులో విడిగా కొంటే ఇంకా ఎక్కువ అవుతుందని కొందరు, తినని తిండికి డబ్బు ఎందుకని కొందరు వాదిస్తున్నారు. ఇప్పటికే అటువంటి పార్కులకు, వాటి ఆవరణలోని విడిది హోటళ్ళకు పోయి వచ్చిన కొన్ని కుటుంబాలను ఈ విలేఖరి కలిసి, వారి దగ్గర ఉన్న రశీదులు చూసి రాస్తున్న విషయాలు ఇవి.

ఆకు లెక్క – తల లెక్క

ముందుగా డబ్బు కట్టి తినడం మన వైపు కొత్త కాదు. మదనపల్లెలో 1915లో అనిబిసెంటు స్థాపించిన బి.టి. కాలేజీలో చదువుకొని, ఊళ్ళోని మెస్సుల్లో భోంచేసిన పాత విద్యార్థులను అడిగితే నెల టిక్కెట్ల పుస్తకం సంగతి చెబుతారు. నెలకు సరిపడా టిక్కెట్లు ఒకేసారి కొంటే విడి భోజనం కన్నా కొంత తగ్గేది. ఊరికి పోయిన రోజు టిక్కెట్టు చింపేవారు కాదు, అది మరునాటికి పనికి వచ్చేది. ఇంటి నుంచి తండ్రి వస్తే రెండు టిక్కెట్లు ఇచ్చి ఇద్దరూ కూర్చొని తినేవారు. అంటే కట్టిన డబ్బు కట్టిన వాడి చేతిలోనే ఉండేది.

పెళ్ళిళ్ళలో వంట కాంట్రాక్టు మరో రకం. అక్కడ ఆకుల లెక్క. ఎన్ని ఆకులు లేచాయో లెక్కపెట్టి వంటవాడికి డబ్బు ఇస్తారు. ఇన్ని ఆకులకు తగ్గకూడదనే మాట ముందే ఉన్నా, వేసిన ఆకుకే లెక్క అన్నది మూలసూత్రం.

పార్కు విడిదుల్లో అమ్మే భోజన పథకం ఈ రెండింటికీ భిన్నమైనది. అక్కడ ఆకుల లెక్క లేదు, తలల లెక్క ఉన్నది. గదిలో ఎందరు దిగారో అందరికీ డబ్బు కట్టాలి. తిన్నా అంతే, తినకున్నా అంతే. ఆ పూట తప్పిపోతే ఆ కూపను మరో పూటకు చెల్లదు, మరొకరికి చెల్లదు, డబ్బు వాపసు రాదు. పైకి చూస్తే విడిగా కొనే ధర కన్నా పథకం ధర తక్కువగానే ఉంటుంది. అది అబద్ధం కాదు. అయితే అందరూ అన్ని పూటలా తింటేనే ఆ తగ్గింపు మనకు దక్కుతుంది. తినని ప్రతి పూటా అమ్మినవాడికి మిగులే. కాబట్టి పథకం ఎంతకు వస్తున్నది అని కాక, మనం ఎన్ని పూటలు తినగలం అని మొదట లెక్క వేసుకోవాలి.

పేర్లకు అర్థాలు

విడిది హోటళ్ళ కాగితాల మీద రెండు మూడు అక్షరాల గుర్తులు ఉంటాయి. వాటి అర్థం తెలియక సంతకం పెట్టిన వారు మన మండలంలోనూ ఉన్నారు. ఇ.పి. అంటే యూరోపియన్ ప్లాన్. గది మాత్రమే ఇస్తారు, తిండి మనది. సి.పి. అంటే కాంటినెంటల్ ప్లాన్. గదితో పాటు ఉదయం టిఫిను ఉంటుంది. ఎం.ఎ.పి. అంటే మాడిఫైడ్ అమెరికన్ ప్లాన్. టిఫినుతో పాటు ఒక పూట భోజనం, మధ్యాహ్నం గానీ రాత్రి గానీ పెడతారు. ఎ.పి. అంటే అమెరికన్ ప్లాన్. మూడు పూటలూ వారిదే బాధ్యత. ఎ.పి. అని ఉంటే ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ఏదో రాయితీ కాబోలు అనుకున్నానని ఒక రైతు నవ్వుతూ చెప్పాడు.

బెంగుళూరు–మైసూరు రోడ్డు మీద బిడది వద్ద 2005లో వండర్‌లా పార్కు ప్రారంభమైంది. దాని పక్కనే విడిది హోటలు 2012లో వచ్చింది. హైదరాబాదు దగ్గర అదే సంస్థ పార్కు 2016లో తెరిచారు. విజయవాడ రోడ్డు వైపున రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉన్నది. ఇటువంటి చోట్ల ఉట్టి ప్రవేశ టిక్కెట్టు ఒకటి, భోజనం కలిపిన టిక్కెట్టు ఒకటి, గదితో కలిపినది ఇంకొకటి అని రకరకాలుగా అమ్మడం వాడుక. శని ఆదివారాల్లో, సెలవుల్లో ధర ఒకటి, మామూలు రోజుల్లో మరొకటి ఉంటుంది. కనుక నిరుడు పోయి వచ్చిన వారు చెప్పిన ధరను నమ్ముకొని బయలుదేరడం మంచిది కాదు.

అవ్వ ఒక్కపొద్దు

మండలంలోని ఒక పల్లె నుంచి రెండు ఇళ్ళ వారు కలిసి ఒక శనివారం అటువంటి పార్కు విడిదికి పోయారు. పెద్దలు ఆరుగురు, పిల్లలు ముగ్గురు. నాలుగేళ్ళ బిడ్డకు డబ్బు అడగలేదు. మిగతా ఇద్దరు పిల్లలకు సగం ధర. పెద్దలకు ఒక్కొక్కరికి మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం, మరునాటి టిఫిను కలిపి రూ. 1,500, పిల్లలకు రూ. 750. మొత్తం రూ. 10,500 గది అద్దె గాక ముందే ఫోనులో కట్టేశారు. విడిగా తింటే టిఫిను రూ. 350, మధ్యాహ్నం రూ. 600, రాత్రి రూ. 700 అని కాగితంలోనే ఉన్నది. ఆ లెక్కన అందరూ అన్ని పూటలూ తింటే రూ. 11,550 అవుతుంది. పథకం తీసుకుంటే రూ. 1,050 ఆదా అని వారికి చెప్పారు. ఆ మాట నిజమే.

తెల్లవారుజామున మూడు గంటలకు ఊరు విడిచి, కోలారు మీదుగా బెంగుళూరు దాటి, పదకొండు గంటలకు పార్కు చేరారు. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు గంటలకు. అప్పటిదాకా సామాను ఒక చోట పెట్టుకొని పిల్లలను నీళ్ళ ఆటలకు తీసుకుపోయారు. భోజనశాల పార్కులో కాదు, విడిది హోటల్లో ఉన్నది. పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకే తెరిచి ఉంటుంది. తడి బట్టలతో లోపలికి రానివ్వరు. వరుసలో నిలబడిన వారు ఎట్లాగూ ఇంతసేపు నిలబడ్డాము, ఈ ఒక్క ఆట చూసుకొని పోదామని ఆగిపోయారు. చివరకు మధ్యాహ్నం భోజనానికి అందుకున్నది ముగ్గురు పెద్దలు, ఒక పిల్లవాడు.

రాత్రి పెద్దలు ఐదుగురు తిన్నారు. ఒక పిల్లవాడు అలసిపోయి ఎనిమిది గంటలకే నిద్రపోయాడు, లేపినా లేవలేదు. ఆదివారం ఉదయం టిఫినుకు మాత్రం అందరూ కూర్చున్నారు. తిన్న పూటలకు మాత్రమే విడి ధరన లెక్క కడితే మధ్యాహ్నానికి రూ. 2,100, రాత్రికి రూ. 3,850, టిఫినుకు రూ. 2,450 వెరసి రూ. 8,400. కట్టింది రూ. 10,500. ఆదా కావలసిన రూ. 1,050 పోయి, పైన రూ. 2,100 నష్టం వచ్చింది. ఇది గాక మధ్యాహ్నం అన్నం అందని వారు పార్కులో కొన్న నూడుల్స్, ఐస్‌క్రీము, నీళ్ళ సీసాలకు రూ. 1,240 విడిగా అయింది.

డబ్బు సంగతి అట్లా ఉంచితే, ఆ ఇంటి అవ్వ సంగతి వేరే చెప్పుకోవలసి ఉన్నది. ఆమెకు శనివారం ఒక్కపొద్దు. పగలు ఒక్క పూట మాత్రమే అన్నం తింటుంది. రాత్రి పాలో పండో తీసుకుంటుంది. ఆ రోజు పిల్లలు విడిచిన చెప్పులకు, బట్టలకు కాపలాగా ఆమె ఒక బెంచీ మీద కూర్చున్నది. వారు వచ్చేసరికి మూడు దాటింది. భోజనశాల మూసేశారు. తెచ్చుకున్న చిత్రాన్నం గేటు దగ్గరే ఆపేశారు. రాత్రి ఆమె తిన్నవి రెండు అరటిపండ్లు. డబ్బు కట్టిన రెండు భోజనాల్లో ఆమెకు ఒక్కటి కూడా దక్కలేదు.

“కొండమీద వెంగమాంబ సత్రంలో దుడ్డు లేకుండా పిలిచి పెడతారు నాయనా. ఈడ దుడ్డు కట్టినా పెట్టలేదు. ఆకు ఏసి వడ్డించకుండా లేపినట్లు అయిపోయె” అని ఆమె ఈ విలేఖరితో అన్నది. ఆమె చెప్పిన కొండ తిరుమల. అక్కడ నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు చేతుల మీదుగా మొదలైంది. మన వైపు తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేరిట 2011లో అక్కడ పెద్ద అన్నప్రసాద భవనం తెరిచారు. దేవుడి అన్నానికి, వ్యాపారపు అన్నానికి పోలిక పెట్టడం సరికాదనే వారు ఉండవచ్చు. కానీ అవ్వ అడిగింది ఉచిత భోజనం కాదు, డబ్బు కట్టిన భోజనం.

మన ఇళ్ళలో ఈ ఒక్కపొద్దు ఒక్కటే కాదు. సోమవారం, గురువారం, శనివారం నీసు ముట్టని వారు ఉన్నారు. కార్తీక మాసంలో ఉపవాసాలు ఉన్నవి. సరిగ్గా విహారయాత్రల కాలంలోనే అయ్యప్ప మాల వేసుకున్న వారు బయటి అన్నం తినరు. చక్కెర జబ్బు ఉన్న పెద్దలు వేళకు తినాలి, కొద్దిగా తినాలి. తలల లెక్కలో ఇవేవీ కనబడవు. మాంసం తినని వాడికీ, తినేవాడికీ సాధారణంగా ఒకే ధర. మాంసం ముట్టని ఇంటివారు బఫే భోజనంలో ఎదుటివారి కోడికూర ఖర్చు కూడా మోస్తున్నారన్న మాట.

నలుగురు కుర్రవాళ్ళ అనుభవం

అయితే ఈ పథకాలన్నీ మోసమని చెప్పడానికి వీలులేదు. రామసముద్రంలో పాల డెయిరీకి సంబంధించిన పనులు చేసుకునే నలుగురు కుర్రవాళ్ళు మరొక పార్కుకు మామూలు రోజున పోయారు. గది తీసుకోలేదు. ఉదయం పోయి రాత్రికి తిరిగి వచ్చే ప్రయాణం. టిఫిను, రాత్రి భోజనం వదిలేసి మధ్యాహ్నం బఫే ఒక్కటే టిక్కెట్టుతో కలిపి తీసుకున్నారు. అక్కడ విడిగా రూ. 600 ఉన్నది వీరికి రూ. 450కి వచ్చింది. భోజనశాల పార్కు నడిమధ్యలోనే ఉన్నది. మూడున్నర దాకా తెరిచి ఉంటుందని ముందే ఫోను చేసి తెలుసుకున్నారు. ఒంటిగంటకు ఆటలు ఆపి నలుగురూ కడుపునిండా తిన్నారు. తలకు రూ. 150 వంతున రూ. 600 మిగిలింది. దారిలో టీలకు, టిఫినుకు అది సరిపోయిందని వారు చెప్పారు.

అవ్వ కుటుంబానికి నష్టం, ఈ కుర్రవాళ్ళకు లాభం ఎందుకు వచ్చింది? ధరల్లో పెద్ద తేడా లేదు. వీరు ఎన్ని పూటలు తప్పక తింటారో అన్నే కొన్నారు. తినే చోటు ఆడే చోటికి దగ్గరలో ఉన్నది. వేళ ముందే తెలుసు. నలుగురూ ఒకే వయసు వారు, ఒకే ఆకలి వారు. వారు మూడు పూటలూ కొనేసి ముసలివారిని, చంటిపిల్లలను వెంటబెట్టుకొని, భోజనశాల ఎక్కడ ఉన్నదో తెలియకుండా పోయారు.

అమెరికాలోనూ ఇదే లెక్క

మన ప్రాంతం నుంచి అమెరికా పోయి స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకున్నప్పుడు ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో వద్ద ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డుకు తీసుకుపోవడం మామూలైంది. 1971 అక్టోబరు 1న తెరిచిన ఆ పార్కులో, సొంత విడిదుల్లో దిగిన వారికి ముందుగా డబ్బు కట్టే నేటి తీరు భోజన పథకం 2005లో మొదలైంది. 2020లో కరోనా కారణంగా ఆపివేసి, తిరిగి 2024 జనవరి 9 నుంచి అమలు చేస్తున్నారు.

అక్కడ భోజనాలను పద్దులుగా లెక్కిస్తారు. ఎన్ని రాత్రులు దిగితే అన్ని రోజులకు పద్దులు వస్తాయి. ఒక రోజు వాడని పద్దు మరునాటికి పనికి వస్తుంది. ఈ విషయంలో అది మన మెస్సు టిక్కెట్టుకు దగ్గరగా ఉన్నది. అయితే గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రితో మిగిలినవన్నీ రద్దవుతాయి. గదిలో ఒకరు పథకం తీసుకుంటే మూడేళ్ళు నిండిన వారందరూ తీసుకోవాలి. వడ్డించే వారికి ఇచ్చే బహుమానం అందులో కలవదు. కూర్చొని తినే హోటల్లో ఖరీదైన మాంసపు వంటకానికీ, కూరగాయల వంటకానికీ ఒకే పద్దు పోతుంది. ఖరీదైనవి తినేవారికి లాభం, శాకాహారులకు, తక్కువ తినేవారికి నష్టం అన్నమాట. ఒక్క తేడా చెప్పుకోవాలి. ఆ పార్కుల్లోకి ఇంటి నుంచి తిండి తీసుకుపోవచ్చు. పులిహోర డబ్బా ఆపేవారు లేరు. మన దగ్గర చాలా పార్కుల్లో బయటి తిండికి అనుమతి లేదు. గేటు దగ్గర డబ్బా ఆగిపోయే చోట భోజన పథకం అమ్మడం సులువు.

చట్టం ఏమి చెబుతున్నది

బయటి తిండిని ఆపవచ్చునా అన్న ప్రశ్న సినిమా హాళ్ళ విషయంలో సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 జనవరి 3న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ధర్మాసనం తీర్పు చెప్పింది. బయటి తిండిని ఆపే హక్కు హాలు యజమానికి ఉన్నదని, అయితే శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, చంటిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకున్న ఆహారాన్ని అడ్డుకోరాదని పేర్కొన్నది. ఆ తీర్పు సినిమా హాళ్ళ గురించినదే అయినా, పార్కు గేటు దగ్గర బిడ్డ పాలకో పెద్దల మందులకో అభ్యంతరం చెబితే మర్యాదగా అడగడానికి అది మనకు ఆసరాగా ఉంటుంది.

నీళ్ళ సీసా విషయంలో మాత్రం తీర్పు మన వైపు లేదు. హోటళ్ళు, భోజనశాలలు సీసా మీద ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక పథకంలో తాగునీరు కలిసి ఉన్నదా లేదా అని అడగడం చిన్న విషయం కాదు. తొమ్మిది మంది రెండు రోజులు తాగే నీళ్ళు తక్కువ ఖర్చు కాదు.

బిల్లులో సర్వీసు చార్జీ అని తమంతట తామే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు దాని మీద ఢిల్లీ హైకోర్టుకు పోయినా, 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, తప్పనిసరి కాదు. జి.ఎస్.టి. మాత్రం కట్టవలసినదే. చెప్పిన ధరలో పన్ను కలిసి ఉన్నదా, విడిగా వేస్తారా అన్నది డబ్బు కట్టక ముందే తేల్చుకోవాలి.

ఇస్తామన్నది ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నది బెంగుళూరులో అయినా ఫిర్యాదు మాత్రం మనం నివసించే జిల్లా కమిషనులోనే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. కానీ కాగితం మీద మూడు గంటలకు మూస్తామని రాసి ఉండి, మనం మూడున్నరకు పోతే ఏ కమిషనూ చేయగలిగింది లేదు. అందుకే కాగితం చదవడం ముఖ్యం.

డబ్బు కట్టే ముందు

పోయి వచ్చిన వారు చెప్పినదంతా కలిపి చూస్తే, డబ్బు కట్టే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నవి. భోజనశాల పార్కులోనా, విడిది హోటల్లోనా? ఏ వేళకు తెరుస్తారు, ఏ వేళకు మూస్తారు? ఒక పూట తప్పితే కూపను మరో పూటకు చెల్లుతుందా? గదిలో అందరూ తీసుకోవాలా, కావలసిన వారే తీసుకోవచ్చా? ఎన్నేళ్ళ బిడ్డ వరకు ఉచితం, ఎన్నేళ్ళ వరకు సగం? కొన్ని చోట్ల వయసు కాక ఎత్తు కొలుస్తారు. నీళ్ళు కలిసి ఉన్నవా? పన్ను కలిసి ఉన్నదా? అక్కడికి పోయాక కావాలంటే ఒక్క పూట విడిగా కొనుక్కోవచ్చా? ఇవి అడిగి, జవాబు ఫోనులో మాటగా కాక సందేశంగా రాయించుకుంటే తర్వాత తగవు ఉండదు.

తర్వాత ఇంట్లో కూర్చొని మన లెక్క మనం వేసుకోవాలి. ఎవరు ఏ పూట తప్పక తింటారో ఒక కాగితం మీద పేరు పేరున రాసుకోవాలి. అనుమానం ఉన్న పూటను తినని పూటగానే లెక్కించాలి. ఆ మొత్తం విడి ధరన పథకం ధర కన్నా ఎక్కువ వస్తే పథకం తీసుకోవచ్చు. తక్కువ వస్తే విడిగా తినడమే మేలు. అవ్వ కుటుంబం ఈ లెక్క ముందే వేసి ఉంటే ఉదయం టిఫిను మాత్రం గదితో తీసుకొని, మిగిలినది చూసుకొని తినేవారు. శనివారం పయనం ఆదివారానికి మార్చి ఉంటే అవ్వకు ఆ ఇబ్బందే ఉండేది కాదు.

మళ్ళీ బడి సంగతి

ఇప్పుడు పాఠశాల విహారయాత్రకు వద్దాము. ఏజెంటు చెప్పిన ప్రకారం మూడు పూటల తిండికి పిల్లవాడికి రూ. 500. తొమ్మిదిన్నరకు పార్కు పక్క హోటల్లో టిఫిను, మధ్యాహ్నం పార్కులో బఫే, రాత్రి మళ్ళీ అదే హోటల్లో భోజనం. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరిన పిల్లలు తొమ్మిదిన్నర దాకా ఆకలితో ఉంటారా అని ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు.

ఆమే మరో లెక్క చూపించారు. టిఫినుకు ఊళ్ళోనే చిత్రాన్నం వండించి గంగాళంలో బస్సులో పెట్టుకొని, కోలారు దగ్గర రోడ్డు పక్క చెట్టు నీడన తినిపిస్తే తలకు రూ. 30. మధ్యాహ్నం ఒక్క పూట పార్కు బఫే. బయటి తిండి రానివ్వరు కనుక అది తప్పదు. బడిపిల్లల గుంపుకు ఇచ్చే ధర రూ. 230. రాత్రి తిరుగు దారిలో మెస్సు భోజనం రూ. 90. వెరసి రూ. 350. అంటే పథకం మొత్తంగా వద్దనడం కాదు, తప్పని పూటకు తీసుకొని, తప్పించుకోగల రెండు పూటలు మన చేతిలో పెట్టుకోవడం.

తలకు రూ. 150 మిగులుతుంది. అరవై మందికి రూ. 9,000. ఈ లెక్కన ఒక పిల్లవాడికి యాత్ర ఖర్చు రూ. 1,650. పేర్లు ఇవ్వని ఐదుగురికి రూ. 8,250 అవుతుంది. వారిని కూడా తీసుకుపోయి, ఇంకా రూ. 750 నీళ్ళ క్యాన్లకు, మందుల పెట్టెకు మిగులుతుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. తెల్లవారుజామున అరవై ఐదుగురికి ఎవరు వండుతారని ఒకరు, దారిలో తింటే పిల్లలకు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అని మరొకరు అన్నారు. మేము కట్టిన డబ్బుతో ఎదుటివారి పిల్లలు పోవడమేమిటని కూడా ఒక తండ్రి అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనే కాసేపు మాట్లాడలేదు. ఇవి కొట్టిపారేయదగినవి కావు. వంటకు ఇద్దరు తల్లులు ముందుకు వచ్చారు. మిగిలిన డబ్బు ఎటు పోవాలన్నది తల్లిదండ్రులందరూ కూర్చొని, ఆ ఐదుగురి పేర్లు బయటికి రాకుండా, తేల్చుకోవలసిన విషయం. మిగిలింది ఎవరిది వారికి తిరిగి ఇచ్చేసినా తప్పు పట్టవలసింది లేదు. ఇచ్చేసే ముందు ఒక్కసారి ఆలోచించమనే టీచరమ్మ మనవి.

తల్లిదండ్రుల సమావేశం వచ్చే వారం ఉన్నది. రెండు కాగితాలూ, ఏజెంటు రాసిచ్చినదీ టీచరమ్మ రాసినదీ, పక్క పక్కన గోడకు అంటిస్తామని ఉపాధ్యాయులు చెప్పారు. పేరు ఇవ్వని పిల్లల్లో ఒకడిని, పార్కుకు పోతే మొదట ఏమి చేస్తావని ఈ విలేఖరి అడిగాడు. పైనుంచి నీళ్ళలోకి జారే ఆట ఉందట, అది ఎక్కుతానన్నాడు. మరి భోజనం సంగతి ఏమిటంటే, “అన్నం ఇంట్లో కూడా తినొచ్చు గదా సార్” అన్నాడు.

– మా విలేఖరి